డోలు ముందు, డబ్బా వెనుక



చేర్యాల అంటే పటం. నకాశీ కళాకారులు బట్ట మీద గీసిన కథను గడి గడి చూపిస్తూ కథకులు పాడేవారు. మన కోయ డోలీలు కూడా పడిగె ముందు నిలబడి, డోలు వాయిస్తూ వంశకథలు చెబుతారు. పటాన్ని పెట్టెలో దాచుకోవచ్చు, దరువు మాత్రం మనిషి చేతిలోనే ఉంటుంది. 2024లో ఒక్క ఏడాదిలోనే ఇద్దరు పద్మశ్రీలను పోగొట్టుకున్నాం: కంచుమేళం, డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు, గుస్సాడీ గురువు కనకరాజు గారు. అందుకే దరువును దాచే పనిముట్టు గురించి నాలుగు మాటలు చెబుతాం.

మన పిల్లల చేతుల్లో ఇప్పుడు 16 ప్యాడ్ల డబ్బా కనిపిస్తోంది. 1988లో వచ్చిన అకాయ్ ఎంపీసీ60లోనూ ఈ 16 ప్యాడ్లే. 2009లో నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ తెచ్చిన మషీన్‌లో డబ్బా కంట్రోలర్ మాత్రమే, శబ్దాలు కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. ఆ సాఫ్ట్‌వేర్‌ను విడిగా తెరవొచ్చు. లేదా క్యూబేస్, రీపర్ వంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక ట్రాక్ మీద ప్లగిన్‌గా పెట్టొచ్చు.

ప్లగిన్‌గా పెడితే పాట, కిక్రి, డోలు అన్నీ ఒకే ప్రాజెక్టులో ఉంటాయి. డబ్బా మీది ప్యాడ్లూ మీటలూ ఎప్పటిలాగే పనిచేస్తాయి. కానీ వేగం ప్లగిన్ చేతిలో ఉండదు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఏ టెంపోలో నడిస్తే ప్లగిన్ దాని వెంటే నడుస్తుంది. మన దరువు నిలిచేదీ పోయేదీ ఇక్కడే. టెంపో 120 అని పెట్టి, క్లిక్ వినిపించి, "తాతా, దీనికి వాయించు" అంటే ఆ దరువు యంత్రానికి వెట్టి చేసినట్టే. మన డోలు పాటను బట్టి నిదానిస్తుంది, ఆటను బట్టి ఉరుకుతుంది.

కాబట్టి వరుస మార్చాలి. ముందు క్లిక్ లేకుండా తాత వాయించినదంతా రికార్డు చేయాలి. తర్వాత ఆయన దెబ్బల వెంట టెంపో మ్యాప్ గీయాలి. అప్పుడు ప్లగిన్ తెరిస్తే డబ్బా తాత వెనుక నడుస్తుంది. దెబ్బలను గీతల మీదికి లాగే క్వాంటైజ్‌ను ఆపేయాలి. ఒక్కో దెబ్బను మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా రికార్డు చేసి ప్యాడ్ మీద పొరలుగా పెట్టాలి. ప్యాడ్ కొట్టిన బలాన్ని మిడి 1 నుంచి 127 వరకు లెక్కిస్తుంది. ఒకే శబ్దం పెడితే ఆ లెక్కకు గొంతు పెరగడం తగ్గడం తప్ప, చేతివాటం వినిపించదు.

దాచేటప్పుడు శాంపిల్ ఫైళ్లన్నీ ప్రాజెక్టు ఫోల్డర్‌లోకే చేర్చాలి. లేకపోతే వేరే కంప్యూటర్‌లో తెరిచిన రోజు ప్యాడ్లు మూగబోతాయి. ప్రతి ఫైలుకూ వాయించినవారి పేరు, ఊరు, ఏ సందర్భపు దరువో రాయాలి. వేల్పుల కొలుపు దరువును పెద్దలు ఒప్పుకోకుండా ప్యాడ్ ఎక్కించొద్దు. ఆ శబ్దంతో చేసిన పాటకు డబ్బు వస్తే, వాయించిన చేతికి వాటా ఇవ్వాలి.

డబ్బా ఉంది కదా, డోలు నేర్చుకోవడం ఎందుకని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. డబ్బాలో పడేది ఆ రోజు వాయించిన దరువే, రేపటి దరువుకు నేర్చిన చేయి కావాలి. ప్రతి గూడెం నుంచి ఒక డోలు రికార్డు కావాలి, ఆ డోలు పక్కన నేర్చుకునే ఒక పిల్లో పిల్లగాడో కూర్చోవాలి. ఇదే మా మనవి.