కప్పు క్రింది అంగడి

ఇస్తాంబుల్ నగరంలో టర్కీ ప్రజలు ‘కపలి చార్షి’ అని పిలిచే అంగడి ఒకటున్నది. ఆ పేరు మన చెవికి శివనామంలా తోచినా, దాని అర్థం కప్పుగల బజారు అని. 1453లో ఆ నగరాన్ని జయించిన సుల్తాను రెండవ మెహ్మెద్, రెండు మూడేండ్లకే దీనికి పునాది వేయించాడు. దాని రాబడిని, మసీదుగా మార్చిన హగియా సోఫియా పోషణకు కేటాయించాడు. నేడు అరవైకి పైగా వీధులు, సుమారు 4,000 దుకాణాలు ఆ కమానుల క్రింద ఇమిడి ఉన్నవి.

నేను వెళ్లిననాడు బంగారు నగల వీధి దాటి, తివాచీల నడుమ దారి తప్పి, ఒక రాగిపాత్రల దుకాణం ముందు నిలిచాను. కాఫీ కాచుకొనే చిన్న పిడిపాత్ర ఒకటి మనసుకు నచ్చింది. వర్తకుడు చెప్పిన ధరలో సగానికి అడిగాను. ఆయన కోపగించలేదు, నడుము సన్నని గాజుగ్లాసులో తేనీరు తెప్పించాడు. త్రాగితే కొనక తప్పదేమోనని నా చేయి వెనుకాడింది. అది గ్రహించి ఆయన వచ్చీరాని ఇంగ్లీషులో, “తేనీరు అతిథికి, బేరం వేరు” అన్నాడు. సిగ్గుపడి త్రాగాను. బేరం కుదరలేదు. అయినా ఆయన గుమ్మందాకా వచ్చి సాగనంపాడు.

1894లో భూకంపం, 1954లో అగ్నిప్రమాదం ఆ అంగడిని తీవ్రంగా దెబ్బతీసినవి. రెండుసార్లూ మరల కట్టుకున్నారు. కట్టుకున్నది గోడలను మాత్రమే కాదని నాకు ఆనాడు తెలిసింది.

ఆ పాత్ర కొననందుకు నేటికీ విచారిస్తున్నాను. ఆ తేనీరు త్రాగకుండా వచ్చి ఉంటే ఇంకెంత విచారించేవాడనో!