శాస్త్రమును వాకిటికి తెచ్చిన వ్రాతగాడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



మందు పెట్టెలో నున్నంతకాలము రోగము కుదురదు. శాస్త్రము పండితుని గదిలో నున్నంతకాలము ఊరు బాగుపడదు. పెట్టె మూత తీయువాడొకడు కావలెను. గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున అట్టివాని యొకని చరిత్ర చెప్పుకొనుట ఉచితము. ఆయన రోగులకు చికిత్స చేసిన వైద్యుడు కాడు. మందు కనిపెట్టి కీర్తిగాంచినవాడును కాడు. రోగములను గూర్చియు, వానిని జయించినవారిని గూర్చియు సామాన్యులకు తెలియునట్లు పత్రికలలో, పుస్తకములలో వ్రాయుటయే ఆయన వృత్తి. ఆయన పేరు పాల్ డి క్రైఫ్.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రమున జీలండ్ అను చిన్న పట్టణము కలదు. అది హాలండు దేశమునుండి వలసవచ్చినవారి కాపురపుచోటు. 1890వ సంవత్సరమున డి క్రైఫ్ అచ్చట జన్మించెను. సూక్ష్మజీవిశాస్త్రము నభ్యసించి 1916లో డాక్టరు పట్టము పొందెను. మొదటి ప్రపంచయుద్ధమున సైన్యపు ఆరోగ్యశాఖలో చేరి, ఫ్రాన్సుదేశమున సైనికుల గాయములు కుళ్లి ప్రాణము తీయు వ్యాధిపై పనిచేసెను. 1920లో న్యూయార్కు నగరమందలి రాక్‌ఫెల్లర్ పరిశోధనాలయమున ఉద్యోగము దొరకెను. శాస్త్రజ్ఞునకు అంతకుమించిన పదవి అరుదు.

కాని ఆయన కలము ఊరకుండలేదు. వైద్యులలోని ఆడంబరమును, రుజువులేని చికిత్సలను ఎత్తిచూపుచు పేరు చెప్పకుండ వ్యాసములు వ్రాసెను. వ్రాసినవాడెవడో బయటపడెను. 1922లో ఉద్యోగము పోయెను. ముప్పదిరెండేండ్ల ప్రాయమున ఆయనకు మిగిలిన ఆస్తి కలమొక్కటే.

సింక్లేర్ లూయిస్ అను ప్రసిద్ధ నవలాకారుడు అప్పుడాయనకు తోడయ్యెను. ఒక వైద్యపరిశోధకుని జీవితమును గూర్చి లూయిస్ వ్రాసిన 'ఆరోస్మిత్' నవలకు శాస్త్రవిషయమును డి క్రైఫ్ సమకూర్చెను. రాబడిలో నాలుగవ పాలు ఆయనకు ముట్టెను. 1925లో ఆ నవల, మరుసటి యేడు డి క్రైఫ్ స్వయముగా వ్రాసిన 'మైక్రోబ్ హంటర్స్' వెలువడెను. ఆ పేరునకు సూక్ష్మజీవుల వేటగాండ్రని అర్థము.

అందు పండ్రెండు ప్రకరణములు. బట్టలమ్ముకొనుచు భూతద్దములు నూరుకొన్న లీవెన్‌హుక్ మొదలు పాస్టరు, కాక్, ఎర్లిష్ వరకు శాస్త్రజ్ఞులందరు మన పొరుగింటివారివలె నడచివత్తురు. వారికి కోపము వచ్చును, పొరపాటు జరుగును, ఆశాభంగము కలుగును. అయినను పని మానరు. చదువరికి శాస్త్రము కథయైనది.

ఆ కథలలో నొకటి మన నేలమీదిదే. చలిజ్వరము చిత్తడినేలల చెడుగాలివలన వచ్చునని లోకము తరతరములుగా నమ్మెను. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్, జ్వరరోగిని కుట్టిన దోమ కడుపును కోసి, అందు మలేరియా క్రిమిని చూచెను. ఇటలీదేశపు గ్రాసీ అను పండితునితో రాస్‌కు గల వివాదమును డి క్రైఫ్ కటువుగా చిత్రించెను. రాస్ ఆగ్రహించి న్యాయస్థానమున కెక్కెదనని బెదరింపగా, ఇంగ్లండులో అచ్చయిన ప్రతులలో ఆ ప్రకరణము లేకపోయెను. రసవత్తరముగా చెప్పవలెనను తొందరలో ఎదుటివాని పరువును తూచుట మరచిన యెడల వ్రాతకే కొరత కలుగును.

1928లో వెలువడిన 'హంగర్ ఫైటర్స్' ఆకలితో పోరాడినవారి కథ. పెల్లాగ్రా అను రోగమున చర్మము మాడి పగులును, విరేచనములు పట్టును, తుదకు మతి చలించును. అది అంటురోగమని జనులు భయపడిరి. అది అంటదని చూపుటకు గోల్డ్‌బర్గర్ అను వైద్యుడు రోగుల రక్తమును తన శరీరమున ఎక్కించుకొనెను. రోగము సోకలేదు. మొక్కజొన్నయే ముఖ్యాహారమై, పాలు, గ్రుడ్లు, మాంసము ఎరుగని పేదలకది వచ్చునని తేలెను. దక్కనులో జొన్నకూడే ఆధారమైన బీదలలోను ఆ రోగము కలదని హైదరాబాదులో గోపాలన్, శ్రీకంఠయ్య అను పరిశోధకులు 1960లో ప్రకటించిరి. పళ్లెము ఒకటియైనచోట రోగమును ఒకటియే.

1929లో అమెరికాలో మహామాంద్యము మొదలయ్యెను. డి క్రైఫ్ పరిశోధనాలయములను విడిచి పేదల వాడలలో తిరిగెను. రోగమునకు నివారణ తెలిసియుండగా, ధనము లేని కారణమున బిడ్డలు చనిపోవుట ఆయన హృదయమును కలచివేసెను. భార్య రియాతో కలసి 1936లో వ్రాసిన గ్రంథమునకు 'వై కీప్ దెమ్ అలైవ్' అని పేరిడెను. బిడ్డలను బ్రతికించుట ఎందుకని అడుగు ఆ ప్రశ్న సుఖముగా నున్నవారిని పొడుచుటకే వేసినది. 1938లో 'ది ఫైట్ ఫర్ లైఫ్' గ్రంథమున కాన్పులలో తల్లుల మరణములను గూర్చి వ్రాసెను. అది 1940లో చలనచిత్రముగా కూడ వచ్చెను.

జమ వ్రాసినచోట ఖర్చును వ్రాయవలెను. లేనిచో లెక్క తేలదు. అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు జన్మదినోత్సవములలో ప్రజలిచ్చిన చందాలనుండి పోలియో పరిశోధనకు ధనము పంచు సంఘమునకు డి క్రైఫ్ కార్యదర్శి. ఆ ధనసాయముతో బ్రోడీ అను యువవైద్యుడు టీకా తయారుచేసెను. తగిన పరీక్ష పూర్తికాకయే 1935లో వేలకొలది బిడ్డలకది వేయబడెను. దానివలన మేలు కలుగునని రుజువు కాలేదు. ఆ యేడే దానిని మానివేసిరి. రుజువులేని చికిత్సలను నిందించి ఉద్యోగము పోగొట్టుకొన్నవాడే, బిడ్డలు కుంటివారగుచుండగా చూడలేక, రుజువునకు ముందే ఆశ పెట్టుకొనెను. జాలి గొప్పదే, కాని జాలి తూనికరాయి కాదు. 1954లో సాక్ టీకాను పదునెనిమిది లక్షల బిడ్డలు పాల్గొన్న పరీక్షలో తూచి చూచి, మరుసటి యేడు మంచిదని చాటిరి. ఆ ఓర్పే 1935లో కొరవడినది.

ఇక ఈ లెక్కలో తుది పద్దు కలదు. న్యూయార్కులో దంతవైద్యము చదువుచుండిన ఆల్బర్ట్ సేబిన్ అను బీదవిద్యార్థి చేత 'మైక్రోబ్ హంటర్స్' పడెను. ఆ గ్రంథము చదివి ఆతడు దంతవైద్యము విడిచి, సూక్ష్మజీవుల పరిశోధనకు మరలెను. నోట వేయు పోలియో చుక్కల మందును కనిపెట్టినవాడు ఆతడే. 1995 నుండి పల్స్ పోలియో దినములలో మన పల్లెల తల్లులు బిడ్డల నెత్తుకొని వచ్చి వేయించినవి ఆ చుక్కలే. 2011 జనవరి తరువాత భారతదేశమున సహజ పోలియో క్రిమివలన ఒక్క బిడ్డకును ఆ రోగము రాలేదు. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశమునకు పోలియో విముక్తి ధ్రువపత్రము నిచ్చెను.

డి క్రైఫ్ 1962లో ఆత్మకథ ప్రకటించి, 1971లో మిషిగన్ రాష్ట్రముననే కన్నుమూసెను. ఆయన తొందరపడి ఆదరించిన టీకా నిలువలేదు. ఆయన వ్రాసిన పుస్తకము మాత్రము ఎరుగని విద్యార్థి చేతిలో పడి, ఎరుగని దేశపు బిడ్డల కాళ్లు నిలిపెను.

కావున సభాసదులారా! ఆరోగ్యమును గూర్చి ఏ వార్త వచ్చినను, చెప్పినవాని ఆవేశమును కాక, చూపిన రుజువును అడుగుడు. గ్రంథాలయపు బీరువాలకు తాళములు వేసి ఉంచకుడు. ఏ పుస్తకము ఏ బాలుని చేత పడునో, దాని ఫలమును ఎవరి బిడ్డ అనుభవించునో, ముందుగా ఎవ్వరును లెక్కకట్టజాలరు.