గీత గీసేముందే లెక్క రాసుకోవాలె

(విశాఖపట్నంలో విద్యార్థులు, పోర్టు, ఉక్కు ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

తెలంగాణ ఉద్యమంలో తిరిగినోళ్ళం విశాఖపట్నం వచ్చి మైకు పట్టుకుంటే మీలో కొందరికి మనసు చివుక్కుమనొచ్చు. ‘విడగొట్టుకొని పోయినోళ్ళు ఇప్పుడు మాకేం చెప్తరు?’ అని. ఆ ప్రశ్న న్యాయమైనదే. మేము మా పోరాటానికి క్షమాపణ చెప్పడానికి రాలేదు. మా రాష్ట్రం మాకు కావాలన్నది న్యాయమని 2009 డిసెంబర్‌లో ఉస్మానియాలో లాఠీలు తిన్ననాడు నమ్మినం, ఇయ్యాల కూడా నమ్ముతున్నం. కానీ గెలిచినోళ్ళకు ఒక బాకీ ఉంటది. గెలుపులో ఏం మరిచిపోయినమో అది కూడా చెప్పాలె. ఆ బాకీ తీర్చుకోవడానికే వచ్చినం.

ముందు ఇంగ్లండోళ్ళ ముచ్చట చెప్తం. మన మీద రెండు వందల ఏండ్లు పెత్తనం చేసినోళ్ళు, దేశాల మధ్య గీతలు గీయడంలో ఆరితేరినోళ్ళు, తమ ఇంటి గీత కాడికి వచ్చేసరికి ఎట్లా తడబడ్డరో చూడాలె. 2016 జూన్ 23న బ్రిటన్ ప్రజలు ఓట్లేసి యూరోపియన్ యూనియన్‌లోంచి బయటికి పోదామన్నరు. నూటికి 52 మంది పోదామన్నరు, 48 మంది ఉందామన్నరు. ఓటు ఒక్కరోజు పని. ఆ తర్వాత అసలు ప్రశ్న లేచింది. పోతే సరుకు సంగతేంది? యూనియన్‌లో ఉన్నన్ని రోజులు లారీ ఎక్కితే ఒక దేశంలో, దిగితే ఇంకో దేశంలో. నడుమ సుంకం లేదు, తనిఖీ లేదు. బయటి దేశాల సరుకు మీద అందరికీ ఒకటే సుంకం. దాన్నే కస్టమ్స్ యూనియన్ అంటరు. దాంట్లో ఉంటే బ్రిటన్ సొంతంగా సుంకాలు పెట్టుకోలేదు. బయటికి వస్తే ఐర్లాండ్ సరిహద్దు మీద గేట్లు పెట్టాలె. ఆ సరిహద్దులో గేట్లు లేకుండా ఉండటానికి 1998లో శాంతి ఒప్పందం ఒక ఆధారం, దాని వెనుక ముప్పై ఏండ్ల నెత్తురు.

బయటికి పోదామన్నోళ్ళే రెండు ముక్కలయినరు. 2018 జూలైలో ప్రధాని థెరిసా మే ఒక పథకం పెడితే ఆమె మంత్రులు డేవిడ్ డేవిస్, బోరిస్ జాన్సన్ రాజీనామా చేసిన్రు. 2019 జనవరి 15న ఆమె ఒప్పందం పార్లమెంట్‌లో 432 - 202 ఓట్ల తేడాతో ఓడిపోయింది. తర్వాత ఇంకో రెండుసార్లు ఓడింది. సరే, మీకేం కావాలో మీరే చెప్పున్రని మార్చి 27న సభ్యుల ముందర 8 దారులు పెట్టిన్రు. ఎనిమిదీ ఓడినయి. కస్టమ్స్ యూనియన్‌లోనే ఉందామన్న దారి కొద్ది ఓట్లతో ఓడింది. ఏప్రిల్ 1న మళ్ళా పెడితే 3 ఓట్లతో ఓడింది. ఏం వద్దో అందరికీ తెలుసు. ఏం కావాలో కలిసి చెప్పేటోళ్ళు లేరు. చివరికి 2020 జనవరి 31న బయటపడ్డరు. ఉత్తర ఐర్లాండ్‌కు పోయే సరుకు తనిఖీ సముద్రం మీదికి జరిగింది. దాని మీద లొల్లి ఆగక 2023లో విండ్సర్ పేరుతో ఇంకో ఒప్పందం రాసుకున్నరు.

ఈ కథలో మనకు పనికొచ్చేది ఒకటుంది. యూరప్ మొదటి రోజే ఒక షరతు పెట్టింది. ముందు బాకీల లెక్క, ప్రజల హక్కులు, ఐర్లాండ్ సరిహద్దు తేలాలె, తర్వాతే వ్యాపారం మాట అన్నది. ఐర్లాండ్ చిన్న దేశం. బ్రిటన్ ముందు దాని మాట ఎంత? కానీ ఆ మాట కాగితం మీదికి ఎక్కేదాకా మిగతా దేశాలు వెనుక నిలబడ్డయి. చిన్నోడికి బలం కాగితమే.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మనది దేశాల పంచాయితీ కాదు. కస్టమ్స్ సుంకం కేంద్రం చేతిలో ఉంది. విశాఖ రేవులో దిగిన పెట్టె సీలుతోనే సనత్‌నగర్ దాకా రైల్లో పోయి అక్కడ కస్టమ్స్ తనిఖీ అయితది. నడుమ రాష్ట్రాల గీత దానికి అడ్డం కాదు. అందుకని మనకు సరుకు బాధ లేదనుకున్నం. కానీ 2014 జూన్ 2 తెల్లారేసరికి గాజువాక నుంచి హైదరాబాద్‌కు అమ్మిన ఇనుము ‘అంతర్రాష్ట్ర అమ్మకం’ అయింది. 2 శాతం కేంద్ర అమ్మకం పన్ను, సీ-ఫారం కాగితాలు మొదలయినయి. 2015 ఏప్రిల్‌లో మా ప్రభుత్వం ఆంధ్ర బస్సుల మీద, లారీల మీద పన్ను వేసింది. తర్వాత మీ ప్రభుత్వమూ మా బండ్ల మీద వేసింది. ఆ పన్ను కట్టింది ఎవరు? మంత్రులు కాదు, డ్రైవర్లు, ప్రయాణికులు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినంక వాణిజ్యపన్నుల చెక్‌పోస్టులు పోయినయి. ఉక్కు ఇక్కడ కరుగుతది, పన్నులో రాష్ట్ర వాటా మాత్రం ఇల్లు కట్టే చోటికి పోతది. మంచో చెడో, ఆ నియమం రాసి ఉంది కాబట్టి దాని మీద మనకు లొల్లి లేదు.

రాయనిది, సగం రాసింది ఏమయిందో చూడున్రి. విభజన చట్టం తొమ్మిదో షెడ్యూల్‌లో 91 సంస్థలు, పదో షెడ్యూల్‌లో 142 సంస్థలు. ఆస్తులూ అప్పులూ జనాభా ప్రకారం 58.32, 41.68 అన్నరు. హెడ్డాఫీసు అంటే ఏది, ఏ ఆస్తి ఎవరిది అన్న కాడ ఆగిపోయినయి. పాత పన్ను బకాయిలు ప్రాంతాన్ని బట్టి, తిరిగి చెల్లించేవి జనాభాను బట్టి అన్న పద్ధతితో నష్టపోయినమని మీ ప్రభుత్వం ఢిల్లీకి మొరపెట్టుకుంది. కరెంటు బాకీ 6,756 కోట్లు కట్టాలని 2022 ఆగస్టులో కేంద్రం మా ప్రభుత్వానికి చెప్తే, మీరే మాకు బాకీ అని మావోళ్ళు కోర్టుకు పోయిన్రు. 2015లో వెయ్యికి పైగా విద్యుత్ ఉద్యోగులను స్థానికత పేరుతో మా సంస్థలు రిలీవ్ చేస్తే, అక్కడ చేర్చుకోలేదు. రెండు రాష్ట్రాల నడుమ వాళ్ళు ఏండ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగిన్రు. ఉమ్మడి రాజధాని పదేండ్ల గడువు 2024 జూన్ 2న అయిపోయింది. జూలై 6న ఇద్దరు ముఖ్యమంత్రులు హైదరాబాద్‌లో కూర్చునేనాటికీ ఆ లెక్కల్లో చాలా మిగిలే ఉన్నయి.

ఎందుకిట్లా అయింది? 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆపి బిల్లు పాస్ చేసిన్రు. విడగొట్టాలా వద్దా అన్నదే చర్చ. ఎట్లా విడగొట్టాలె అన్న చర్చ లేదు. మీ నాయకులు ‘విడిపోదు’ అని మీకు చెప్తూ బేరం ఆడలేదు. మేము పటాకులు కాల్చుకుంటూ సెక్షన్లు చదవలేదు. ఇద్దరమూ ఓడిన కాడ అది.

మిత్రులారా, ఒక తేదీ గుర్తు పెట్టుకోండి. 1956 ఫిబ్రవరి 20. పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకాలు పడ్డ రోజు. తెలంగాణకు ఉద్యోగాల్లో, నిధుల్లో రక్షణలు ఇస్తమన్నరు. ఉల్లంఘిస్తే శిక్ష ఏందో, తీర్పు చెప్పేదెవరో రాయలేదు. ఆ ఒప్పందం ఎట్లా చెదలు పట్టిందో మా తాతలు, తండ్రులు చూసిన్రు. 2014 ఫిబ్రవరి 20. అదే తేదీ. రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఆంధ్రప్రదేశ్‌కు ఐదేండ్లు ప్రత్యేక హోదా అన్నరు. చట్టంలో అక్షరం ముక్క లేదు. హోదా రాలేదు. ఒక ఫిబ్రవరి 20 మమ్మల్ని ముంచింది, ఇంకో ఫిబ్రవరి 20 మిమ్మల్ని ముంచింది. నమ్మిన మా పెద్దలు అమాయకులని మీవాళ్ళు అప్పట్లో నవ్విన్రు. ఇప్పుడు మేము నవ్వం. ఆ బాధ ఎట్లుంటదో మాకు తెలుసు.

రాసిన కాడ కూడా మాట చూడాలె. పదమూడో షెడ్యూల్‌లో కడప ఉక్కు, బయ్యారం ఉక్కు, విశాఖ రైల్వే జోన్ ఉన్నయి. కానీ క్రియాపదం ఏంది? ఆరు నెలల్లో ‘పరిశీలిస్తుంది’. ఆ ఒక్క మాట మీద జోన్ 2019 దాకా ప్రకటన కాలేదు. జోన్ కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరి 8న. సెయిల్ కట్టే కర్మాగారం కడపలోనూ లేదు, బయ్యారంలోనూ లేదు.

బయ్యారం పేరు వచ్చింది కాబట్టి మా సంగతి దాచుకోం. 2013లో అప్పటి ప్రభుత్వం బయ్యారం ఇనుప గనులు విశాఖ ఉక్కుకు కేటాయిస్తే మేము రోడ్డెక్కినం. 1966లో 32 ప్రాణాలు ధారపోసి మీరు తెచ్చుకున్న నినాదాన్నే తిప్పి ‘బయ్యారం ఉక్కు తెలంగాణ హక్కు’ అన్నం. మా మట్టి మీద మా హక్కు అడగడం తప్పని ఇప్పటికీ అనం. కానీ ఇంత ఖనిజం మీకు, ఇన్ని ఉద్యోగాలు మాకు అని కూర్చొని రాసుకునే దారి ఒకటుండె. ఆ దారి మేమూ అడగలేదు, మీరూ అడగలేదు. ఖనిజం భూమిలనే ఉంది. సొంత గనులు లేక మీ కర్మాగారం నష్టాల్లో పడ్డది. 2021 జనవరి 27న దాన్ని నూటికి నూరు శాతం అమ్ముతమని ఢిల్లీ నిర్ణయించింది. కూర్మన్నపాలెంలో మీరు దీక్షలకు కూర్చున్నరు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. గనుల సంగతి మాత్రం దాంతో తేలలేదు. మన కొట్లాటలో ఇద్దరి నోట్లో మట్టే పడ్డది.

దారి లేదా అంటే మీ రేవులోనే ఉంది. నేపాల్‌కు సముద్రం లేదు. 2016లో భారత్, నేపాల్ విశాఖ రేవు గురించి లేఖలు మార్చుకున్నయి. ఇప్పుడు పరాయి దేశపు పెట్టె ఇక్కడ దిగి, సీలు తీయకుండా రైలెక్కి బీర్‌గంజ్ పోతది. సుంకం వాళ్ళ దేశంలో కడతరు. ఏ పెట్టె, ఏ దారి, ఎవరి సీలు అన్నీ కాగితం మీద ఉన్నయి కాబట్టి నడుస్తున్నది. పరాయి దేశంతో రాసుకోగలిగినోళ్ళం, నిన్నటిదాకా ఒక్క కంచంలో తిన్నోళ్ళతో రాసుకోలేమా?

రేపు ఉత్తరాంధ్ర పేరుతోనో, సీమ పేరుతోనో ఏ పిల్లగాడు జెండా పట్టినా మేము తప్పు పట్టం. ఒక్కటే చెప్తం. జెండాతో పాటు లెక్కల పుస్తకం పట్టుకోండి. ఎవరు ఇయ్యాలె, ఏ తేదీలోపల ఇయ్యాలె, ఇయ్యకపోతే తీర్పు ఎవరు చెప్తరు? ఈ మూడూ రాయని ఒప్పందం మీద సంతకం పెట్టనీయకండి. ‘పరిశీలిస్తుంది’ అన్న చోట ‘ఇస్తుంది’ అని రాసేదాకా లేవకండి. ఉద్యోగ మిత్రులు ఆ పుస్తకం రాయాలె, విద్యార్థులు దాన్ని ఊరూరా చదవాలె. ఆ పని మేము చేయలేదు. మీరు చేయండి.

రాష్ట్రాలుగా విడిపోయినం. కష్టజీవులుగా ఒకటే. మీ ఉక్కు కోసం మీరు కూర్చునే శిబిరంలో మాకూ ఒక చాప వెయ్యండి. వచ్చి కూర్చుంటం.

జై తెలంగాణ! విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు!