పాదసూచికల పద్దు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



నేను ఊరి లెక్కలు వ్రాయువాడను. వోచరు లేని పద్దు కంటబడిన నాకు నిద్రపట్టదు. పండితులున్న సభలో ప్రబంధములను విడిచి, వికీపీడియా పాదసూచికలను గూర్చి మాటలాడుటకు ఆ వృత్తియే కారణము.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమైనది. అందెవరైనను వ్రాయవచ్చును, ఎవరైనను దిద్దవచ్చును. కావుననే వ్రాసినదానికి సాక్ష్యము కావలెను. ఆ సాక్ష్యమును ‘రెఫ్’ అను గుర్తుతో తెఱచి, ఏటవాలు గీత చేర్చిన అదే గుర్తుతో మూయవలెను. మూయ మఱచితిమా, తరువాతి మూతగుర్తు వఱకుగల సమస్తమును మూలములోనిదే యని యంత్రము భ్రమించును. నడుమనున్న వాక్యములు పుటలో మాయమై, ఎఱ్ఱని హెచ్చరిక నిలుచును. తాటియాకు ప్రతిలో లేఖకుడు పంక్తి జాఱవిడిచినట్లే. బ్రౌను దొర 1829లో వేమన పద్యములను అచ్చొత్తించుటకు ముందు ప్రతులను పోల్చి చూచుటకు పడిన పాట్లు ఇట్టి ప్రమాదముల వలననే గదా!

ఇంకొక చిక్కు కలదు. ఒకే గ్రంథమును పలుచోట్ల చూపవలసినపుడు దానికొక పేరిడి, ఒకచోట పూర్తి వివరము వ్రాసి, తక్కినచోట్ల పేరుమాత్రమే యుంచుదురు. వివరమున్న పేరాను తొలగించినచో తక్కినవన్నియు దిక్కులేనివగును.

ఆ యపరాధము నేనే చేసితిని. 2022 ఏప్రిల్ 4న మన తిరువూరు కృష్ణాజిల్లానుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనికి వచ్చినది. ఆ మార్పు నొక గ్రామవ్యాసమున వ్రాయబూని, పాత పేరాను తుడిచివేసితిని. క్రింద మూడుచోట్ల ఎఱుపు! తోచక ఆ మూడు గుర్తులను గూడ చెఱిపితిని. పుట తళతళలాడెను. చెఱువు త్రవ్వించినవారి సంగతికి మాత్రము సాక్షి లేకపోయెను. మఱునాడు మా మేనల్లుడు చూచి, “మామయ్యా, వోచర్లు చించి లెక్క సరిపెట్టారా?” అనెను. నాకు తల కొట్టివేసినట్లైనది.

అదృష్టవశమున అచ్చట ప్రతి వ్యాసమునకును ‘చరిత్ర’ యను పుట యుండును. పాత ప్రతులన్నియు అందు భద్రము. పూర్వప్రతి తీసి, గ్రంథవివరమును మొదటి గుర్తువద్ద మరల చేర్చి, తక్కిన రెండింటిని నిలిపితిని. అప్పుడు చూతునుగదా, అందు స్థలచరిత్ర పేరున్నదే కాని పుటసంఖ్య లేదు. రెండు సాయంకాలములు మన బీరువాలు వెదకితిని. ఆ పుస్తకము చందాదారులలో నెవరియింటనో యున్నది. దయచేసి ఒక్కదినము తెచ్చియిచ్చినచో, పుటసంఖ్య వ్రాసికొని, మీ యెదుటనే తిరిగి యిచ్చివేసెదను.