చేతిఫోను: వెల, మన్నిక, భద్రత



నేడు మన యూళ్ళలో చేతిఫోను లేని యిల్లు అరుదు. దానిని కొనునపుడు మనమడుగు మొదటి ప్రశ్న “వెల యెంత?” అనునది. లెక్కలు వ్రాయువాడను గనుక ఆ ప్రశ్నను నేనును మెచ్చుకొందును. కాని యది సగము లెక్కయే యని మనవి చేయుచున్నాను.

8,000 రూపాయల ఫోను రెండేండ్లలో మూలబడినచో ఏటి వ్యయము 4,000 రూపాయలు. 15,000 రూపాయల ఫోను అయిదేండ్లు మన్నినచో ఏటి వ్యయము 3,000. చౌకయని కొన్నదే ప్రియమైనది. అట్లని వెల హెచ్చినంతనే మన్నిక హెచ్చునని నమ్మరాదు. కొనుటకు ముందు మూడు సంగతులు విచారింపవలెను: బ్యాటరీ మార్చుట కెంతయగును? మరమ్మతు చేయువారు సమీపమున కలరా? భద్రతకై కంపెనీవారు పంపు అప్‌డేట్లు ఎన్నియేండ్లు వచ్చును? వాడినకొలది బలము తగ్గుట బ్యాటరీకి సహజము. అందులకై ఫోనునే పారవేయుట, చక్రపు పట్టా అరిగినదని బండినే విడిచిపెట్టుట వంటిది.

మూడవ ప్రశ్న మిక్కిలి ముఖ్యము. భారతమున వారణావతమందలి లక్కయిల్లు చూపరులకు సొంపుగనే యుండెను. ప్రమాదము గోడలలో నుండెను. అప్‌డేట్లు ఆగిన ఫోనును అట్టిదే. మాట వినబడును, బొమ్మ కనబడును. క్రొత్తగా బయటపడిన లోపములు మాత్రము పూడవు. అట్టిదానికి బ్యాంకు సొమ్ము నప్పగింపరాదు.

అయినను దొంగకు గోడ త్రవ్వుటకంటె మనచేతనే తలుపు తీయించుట సులువు. 2016లో వచ్చిన యూపీఐ పద్ధతిలో సొమ్ము చెల్లించునపుడును, నిల్వ చూచుకొనునపుడును సాధారణముగా పిన్ను కావలెను, పుచ్చుకొనుటకు అక్కరలేదు. “మీకు సొమ్ము వచ్చును, పిన్ను నొక్కుడు” అనువాడు దొంగయే. ఓటీపీని ఎవరడిగినను చెప్పరాదు. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక, తక్షణమే 1930 నంబరునకును, బ్యాంకువారికిని తెలుపవలెను; ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మారిపోవును. వస్తువు చెడ్డదైనచో వినియోగదారుల ఫిర్యాదులకు 1915 నంబరు కలదు. అందులకు రసీదే సాక్షి, దానిని భద్రపరచుకొనుడు.

పూర్వము చదువురానివారికి జాబులు చదివి వినిపించుట ఊరిలో చదువుకొన్నవారి ధర్మము. నేడు ముసలివారి ఫోనులకు వచ్చు సందేశములను చదివి వివరించుటయు ఆ ధర్మమే. రజతోత్సవము జరుపుకొనుచున్న మన గ్రంథాలయమున సాయంకాలము ఒక గంట అందులకు కేటాయింపుడని యువకులను కోరుచు, ఆ రెండు నంబరులను గోడపై పెద్దయక్షరములతో వ్రాయింపుడని కార్యవర్గమును ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.