పొట్టేలికి పటకారా, టీకాయా?

2019 పశుగణనలో గొఱ్ఱెల సంఖ్యయందు తెలంగాణమునకు దేశమున మొదటి స్థానము లభించినది. అవి 1 కోటి 90 లక్షలకు పైబడినవి. గొల్ల కురుమల కుటుంబములకు మందయే ఆస్తి. పొట్టేలు పిల్లయే చేతికివచ్చు పంట. ఆ పిల్లకు విత్తులు కొట్టింపవలెనా, వలదా యనుదానిపై కాపరి రాబడియు, మన యింటికి వచ్చు మాంసపు గుణమును ఆధారపడియున్నవి.

ఎదిగిన పొట్టేళ్ళు పోట్లాడును. వేళగాని వేళ గొఱ్ఱెలను చూలు కట్టించును. ముదిరినకొలది మాంసమున ఘాటైన వాసన పుట్టును. అందుచే మేలైన ఒకటి రెండింటిని విత్తనమునకు నిలిపి, తక్కినవానికి బర్డిజో పటకారుతో నరములు నలిపించుట వాడుక. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము నిర్ణీత పద్ధతిలో చేయు ఈ పనిని నేరముగా నెంచలేదు. అయినను మూగజీవికి నొప్పి నొప్పియే. కాపరికిని నష్టము కలదు. బీజములలో పుట్టు టెస్టోస్టెరోను కండను పెంచును. అది నిలిచినంతనే ఎదుగుదల మందగించి, తిన్న మేత క్రొవ్వుగా మారును.

దీనికి మారుగా శాస్త్రజ్ఞులు టీకాను కనుగొనిరి. బీజములను పనిచేయించు ఆజ్ఞ మెదడునుండి పది అమైనో ఆమ్లములు గల చిన్న హార్మోను రూపమున వెలువడును. 1971లో దాని నిర్మాణమును షాలీ పందుల మెదళ్ళనుండియు, గియెమిన్ గొఱ్ఱెల మెదళ్ళనుండియు తెలిసికొని, 1977 నోబెల్ బహుమతిలో పాలు పొందిరి. ఈ హార్మోనును పెద్ద ప్రోటీనుతో జతపరచి సూదివేసినచో, శరీరము దానిని పరాయిదిగా నెంచి ప్రతిరక్షకములను పుట్టించును. అవి సొంత హార్మోనును సైతము పట్టి నిలుపును. సాధారణముగ రెండు మోతాదులు వలయును. రెండవది పడువరకు పిల్ల పొట్టేలు వలెనే ఎదుగును. ఇదియే దీని లాభము. ఈ టీకాకు పందుల విషయమున 1998లో ఆస్ట్రేలియాలో అనుమతి లభించినది. ఇది హార్మోనును చేర్చునది కాదు, ఆపునది. కావున తినువారు భయపడ నక్కరలేదు.

లోపములును లేకపోలేదు. ఒకే మందలో కొన్నింటికి టీకా పట్టదు. కొంతకాలమునకు దాని బలము తగ్గును. సూది పొరపాటున వేసినవారికే గ్రుచ్చుకొన్నచో వారి సంతానశక్తికే హాని కలుగవచ్చును. కాబట్టి ఇది శిక్షణ పొందినవారు చేయదగిన పని.

2010లో స్థాపింపబడిన జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ నేడు మన గోపన్‌పల్లిలో నున్నది. జాతీయ మాంస పరిశోధన సంస్థ చెంగిచెర్లలో నున్నది. నెల్లూరు, దక్కని జాతుల పిల్లలపై పటకారును, టీకాను ప్రక్కప్రక్కన తూచి చూచుటకు ఇంతకంటె అనువైన తావు వేరొకటి యుండదు.

కాపరి మాత్రము ముందుగా వేసికొనవలసిన ప్రశ్న, 'ఎప్పుడు అమ్ముదును?' అనునది. ఆరు నెలలలోపు అమ్ముడుపోవు పిల్లకు సామాన్యముగ పటకారును వలదు, టీకాయును వలదు. ఆడుపిల్లలనుండి వేరుచేసి మేపిన చాలును. ఏడాది దాటి నిలుపదలచినదానికే ఈ విచారణ యంతయు.