పని పోయినవాని భృతి లెక్క



కర్మాగారమున పని పోయిననాడే బీమా హక్కును పోయినదని కార్మికుడు తలచుట సహజము. 1948 నాటి ఉద్యోగుల రాజ్యబీమా చట్టపు నియమములలో పద్దు అట్లు నడువలేదు. చందా కాలము వేఱు, అనుభవ కాలము వేఱు. ఏప్రిల్ మొదలు సెప్టెంబరు వఱకు చెల్లిన చందాకు ఫలము మఱుసటి జనవరి మొదలు జూన్ వఱకు. నాటిన పైరు నాడే గాదెకు రాదు గదా! కావున సెప్టెంబరు కడపట పని పోయినవాడు ఫిబ్రవరిలో జ్వరపడినను వ్యాధిభృతికి అర్హుడే. అయితే ఆ ఆరు మాసములలో కనీసము 78 దినముల చందా పడియుండవలెను.

ఒక కార్మికునికి ఆరు మాసములలో 156 పనిదినములకు రూ. 78,000 కూలి ముట్టినదనుకొందము. సగటు రూ. 500. అందు నూటికి 70 వంతున దినమునకు రూ. 350 వ్యాధిభృతి, ఏడాదికి 91 దినములకు మించదు.

నిరుద్యోగభృతికి భాజకము మాఱును. 2018లో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన పేర సగటున నాలుగవ వంతుగా మొదలిడి, 2020లో సగము చేసిరి. ఇచట రెండేండ్ల కూలిని పనిదినములచే గాక 730చే భాగింతురు. ఆదివారములును సెలవులును అందు కలియును. అదే కూలి చొప్పున రెండేండ్లకు రూ. 3,12,000, సగటు రూ. 427, భృతి సుమారు రూ. 214. జన్మమున 90 దినములే. స్వచ్ఛందముగా పదవీవిరమణ చేసినవానికిని, దుష్ప్రవర్తనచే తొలగింపబడినవానికిని లేదు.

నాగాలచే మొదటి సగటు తగ్గదు, రెండవది తగ్గును. కాని యజమాని పట్టీలో 78కి ఒక దినము తక్కువపడినచో వ్యాధిభృతి దమ్మిడీయు రాదు.